మిట్ట ఎక్కేటప్పుడు ఆగిపోయే గాలి

గుడుపల్లె నుంచి ఏ వైపు బయల్దేరినా రోడ్డు ఎక్కుతూనో దిగుతూనో ఉంటుంది. చెరువు కట్ట దాటితే మిట్ట, మిట్ట దాటితే వంక, వంక దాటగానే మళ్ళీ మిట్ట. బస్సులో కూచున్నవాళ్ళకు ఇది పట్టదు. మోటారు సైకిలు మీద పోయేవాళ్ళు గేరు మార్చి మరిచిపోతారు. సైకిలు తొక్కేవాళ్ళకు మాత్రం ప్రతి మిట్టా తొడల్లో తెలుస్తుంది. ఎండాకాలంలో నెత్తి నుంచి అరికాలి దాకా తెలుస్తుంది.

ఈ ఎత్తుపల్లాలకు కారణం నేల వయసు. ఇక్కడి గట్టి రాళ్ళు 250 కోట్ల ఏళ్ళకు పైబడినవి. కోలారు బంగారు గనులున్న రాతిపట్టీ రాష్ట్ర సరిహద్దు దాటి గుడుపల్లె మండలంలోకి కూడా వచ్చింది. బిసానత్తం, చిగరగుంట గనులు తవ్వింది ఆ పట్టీలోనే. అంత పాత నేల మీద వానా గాలీ కోట్ల ఏళ్ళు పనిచేస్తే మెత్తనిది కొట్టుకుపోయి, గట్టిది గుట్టగా, మిట్టగా మిగిలింది. మనం పెడలు మీద లేచి నిలబడి ఎక్కేది ఆ మిగిలినదాన్నే.

కుప్పం, గుడుపల్లె, పుంగనూరు, మదనపల్లె సముద్రమట్టానికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉన్నాయి. పైకి పోయే ప్రతి వంద మీటర్లకూ గాలి అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. కాబట్టి కోస్తా ఊళ్ళు 42 డిగ్రీల్లో మాడుతున్న రోజు ఇక్కడ 37, 38 దగ్గర ఆగుతుంది. ఎండ చురుకు మాత్రం తక్కువేమీ కాదు. కుప్పం, గుడుపల్లె ప్రాంతం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదమూడు డిగ్రీల లోపే ఉంది కనక ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు.

అలాంటి కాలంలో కూడా సరదాకు సైకిలెక్కే వాళ్ళున్నారు. బడికి సెలవులిచ్చిన పిల్లలు, కుప్పంలో చదువుకునే కుర్రకారు, డాక్టరు చెప్పాడని మొదలుపెట్టి తర్వాత మానలేకపోయిన నడివయసు వాళ్ళు, శనివారం రాత్రి బెంగళూరులో సైకిలును కారుకు కట్టుకుని తెల్లారేసరికి ఈ పల్లెదారుల్లోకి వచ్చేవాళ్ళు. వీళ్ళందరికీ తెలిసిన అనుభవం ఒకటుంది. దిగుట్లో పోతున్నంతసేపు ఎండ ఉన్నట్టే అనిపించదు. ఎదురుగా మిట్ట తగులుతుంది, రెండు నిమిషాల్లో చొక్కా వీపుకు అంటుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. ఎండ అదే, రోడ్డు అదే, మనిషీ అదే. మరి మారింది ఏమిటి?

లెక్క వేసి చూద్దాం. 65 కిలోల మనిషి, మామూలు నల్ల సైకిలు, రెండూ కలిపి 83 కిలోలనుకుందాం. గాలి లేనప్పుడు చదునైన రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోవడానికి పెడళ్ళ మీద 50 వాట్లు చాలు. అందులో సగం టైరు దొర్లడానికి, సగం గాలిని తోసుకుపోవడానికి. 15 కిలోమీటర్లు కాదు, 20 పోదామంటే 90 వాట్లు దాటుతుంది. 25 అంటే 150 దాటుతుంది. గాలి అడ్డుకునే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది, దాన్ని తోసే శక్తి ఘనంతో పెరుగుతుంది. అందుకే నింపాదిగా తొక్కేవాడికి సైకిలు అంత తేలిక.

ఎంత తేలికో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చెప్పిన ఎస్.ఎస్. విల్సన్ 1973లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో లెక్కగట్టి చూపించాడు. నడిచే మనిషి తన బరువులో ప్రతి గ్రామునూ ఒక కిలోమీటరు చేర్చడానికి 0.75 క్యాలరీ ఖర్చుపెడతాడు. అదే మనిషి సైకిలెక్కితే 0.15 క్యాలరీతో సరిపోతుంది. అంటే అయిదో వంతు. ఆయన పోల్చిన జంతువుల్లో, యంత్రాల్లో దేనికీ ఇంత పొదుపు లేదు. ఎండాకాలంలో ఈ లెక్కకు ఇంకో అర్థం ఉంది. ఖర్చయిన శక్తిలో ఎక్కువ భాగం ఒంట్లో వేడిగా మిగులుతుంది కనక, కిలోమీటరుకు అయిదో వంతు ఖర్చంటే కిలోమీటరుకు అయిదో వంతు వేడి. ఎండలో నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చినవాడికంటే సైకిలు మీద వచ్చినవాడు తేటగా కనపడడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం గాలి. కండరం తాను కాల్చినదాంట్లో సుమారు నాలుగో వంతునే పనిగా మార్చగలదు. పెడలుకు 50 వాట్లు అందాలంటే ఒంట్లో 200 వాట్లు కాలాలి, 150 వేడిగా మిగలాలి. ఊరికే కూచున్నా ఒళ్ళు పుట్టించే 80 వాట్లు దీనికి కలిపితే 230. ఈ వేడి బయటికి పోకపోతే ఒళ్ళు కాగిపోతుంది. బయటికి పోయే ముఖ్యమైన దారి చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరిపోతే 24 లక్షల జౌళ్ళ వేడిని వెంట తీసుకుపోతుంది. 230 వాట్లను వదిలించుకోవడానికి గంటకు మూడో వంతు లీటరు చెమట ఆరితే చాలు. ఇక్కడ కీలకమైన మాట ‘ఆరడం’. కారి నేల మీద పడిన చెమట బొట్టు నీళ్ళ నష్టమే తప్ప చల్లదనం ఇవ్వదు. చెమట ఆరాలంటే ఒంటిని అంటిపెట్టుకుని ఉన్న తేమగాలి తొలగి, కొత్త పొడిగాలి రావాలి. సైకిలు చేసే మేలు ఇది. గంటకు 15 కిలోమీటర్లతో పోయేవాడు ఆకు కదలని రోజున కూడా తన కోసం సెకనుకు నాలుగు మీటర్ల గాలిని తానే పుట్టించుకుంటాడు.

ఎండలు ముదిరేసరికి బస్టాండ్ల దగ్గర చలివేంద్రాలు వెలుస్తాయి. మట్టికుండ ఒళ్ళంతా సన్నటి రంధ్రాలు. వాటిలోంచి నీరు పైకి ఊరి ఆరిపోతూ, లోపల మిగిలిన నీటి వేడిని పట్టుకుపోతుంది. కుండను గాలి తగిలే చోట పెట్టాలని పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు. గది మూలన పెట్టిన కుండకంటే వాకిట్లో గాలికి పెట్టిన కుండ చల్లన. సైకిలు మీద పోయే మనిషి గాలికి పెట్టిన కుండ.

కుండ ఎంత చల్లబడగలదన్నదానికి హద్దుంది. ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది చూపించే డిగ్రీలే ఆ హద్దు. తడి ఉష్ణోగ్రత అంటారు దాన్ని. గుడుపల్లెలో మే నెల మధ్యాహ్నం 37 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం అనుకుంటే తడి ఉష్ణోగ్రత 22 డిగ్రీలు. సముద్రం ఒడ్డున అదే 37 డిగ్రీలకు తేమ 60 శాతం తోడైతే 30 డిగ్రీలు. టీవీలో చెప్పే అంకె రెండు చోట్లా ఒకటే. ఒంటికి మాత్రం రెండు వేరు వేరు లోకాలు. ఇక్కడ చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది, అక్కడ కారుతూనే ఉంటుంది. ఈ పీఠభూమి మీద వేసవిలో సైకిలు తొక్కడం సుఖంగా ఉండడానికి ఎత్తు ఎంత కారణమో పొడిదనం అంతకంటే పెద్ద కారణం.

దీనిలోనే ఒక మోసం ఉంది. ఒళ్ళు పొడిగా ఉంటే చెమట పోలేదనుకుంటాం, నీళ్ళు తాగం. ముఖం మీద చేయి పెట్టి రుద్దితే గరుకుగా తగిలే ఉప్పు చెబుతుంది అసలు సంగతి.

ఇప్పుడు మిట్ట దగ్గరకొద్దాం. వంద మీటర్లకు అయిదు మీటర్లు లేచే మిట్ట ఈ దారుల్లో విశేషమేమీ కాదు. దాన్ని గంటకు పది కిలోమీటర్లతో ఎక్కాలన్నా 130 వాట్లు కావాలి. అందులో 110 పైచిలుకు ఒంటినీ సైకిలునూ భూమి ఆకర్షణకు ఎదురుగా ఎత్తడానికే పోతుంది. పెడలు మీద 130 అంటే ఒంట్లో మిగిలే వేడి మొత్తం 470 వాట్లు. చదునులో ఉన్నదానికి రెట్టింపు. దాన్ని వదిలించుకోవడానికి గంటకు ముప్పావు లీటరుకు దగ్గరగా చెమట ఆరాలి. సరిగ్గా అప్పుడే గాలి 15 నుంచి 10కి, అలసిపోతే 7కు, 6కు పడిపోతుంది. వేడి రెట్టింపయిన చోట గాలి సగమవుతుంది. వేసవి సైకిలు కష్టమంతా ఈ రెండూ ఒకేచోట కలవడంలో ఉంది. దిగుట్లో ఇదంతా పూర్తిగా తిరగబడుతుంది: కాళ్ళు ఊరుకుంటాయి, వేడి పుట్టదు, గాలి 25, 30 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. దిగుడు మనకిచ్చే ఆనందం శరీరధర్మం లెక్కల్లోనూ నిజమైన ఆనందమే.

వెనక గాలి సంగతి ఇంకా చిత్రం. గాలి వెనక నుంచి తోస్తుంటే అదృష్టమనుకుంటాం. మిట్ట మీద మనం పదితో పోతుంటే వెనక నుంచి పదితోనే గాలి వీస్తోందనుకోండి, ఒంటికి తగిలే గాలి సున్నా. లాభించింది ఏడెనిమిది వాట్లు, పోగొట్టుకున్నది చల్లదనమంతా. నడి మధ్యాహ్నం నాకు మిట్ట మీద ఎదురుగాలే ఇష్టం. చదునులో మాత్రం ఎదురుగాలి శత్రువు. 15 కిలోమీటర్ల గాలికి ఎదురుగా 15తో పోవాలంటే 50 వాట్ల పని 120 అవుతుంది. పోయేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు తోడవుతుంది కదా, చెల్లుకు చెల్లు అనుకుంటే లెక్క తప్పుతుంది. నెమ్మదిగా పోయే సగంలోనే ఎక్కువ సేపు గడుపుతాం కనక నష్టం ఎప్పుడూ లాభంకంటే పెద్దదే. జూన్ వచ్చి పడమటి గాలి గట్టిపడ్డాక పొద్దున పడమటి వైపు పోయి, అలిసిన ఒంటితో గాలివాటున ఇంటికి తిరగడం మంచిది.

గేర్లు లేని మామూలు సైకిలుకు ముందు పళ్ళచక్రం మీద 44 నుంచి 48 పళ్ళు, వెనక 18 ఉంటాయి. పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. చదునుకు అది సరిగ్గా సరిపోయే అమరిక. మిట్ట మీద గంటకు ఎనిమిది కిలోమీటర్లకు పడిపోతే నిమిషానికి పాతిక చుట్లే తిరుగుతాయి, ఒక్కో తొక్కుకూ ఒంటి బరువంతా వేయాలి. మోకాలి చిప్ప కింద నొప్పి అక్కడ మొదలవుతుంది. ముందు పళ్ళు, వెనక పళ్ళు సమానంగా ఉండే చిన్న గేరు ఉంటే అదే వేగానికి కాళ్ళు నిమిషానికి అరవై చుట్లు తిరుగుతాయి, ఒక్కో తొక్కు తేలికవుతుంది. పుట్టే వేడి మాత్రం దాదాపు అంతే. గేరు మోకాళ్ళను కాపాడుతుంది, మిట్టను కరిగించదు. వేడి తగ్గాలంటే వేగం తగ్గాలి, లేదా దిగి తోసుకుంటూ పోవాలి. దిగి తోయడం చేతకానితనమని మన కుర్రాళ్ళకు ఎవరు నేర్పారో గానీ, మధ్యాహ్నం పన్నెండుకు నిటారు మిట్ట మీద దిగి నడవడం ఒంటి భాష తెలిసినవాళ్ళు చేసే పని.

మిట్టను ఎక్కక తప్పదు. ఏ వేళకు ఎక్కాలన్నది మన చేతిలో ఉంది. మే నెలలో ఇక్కడ సూర్యోదయం 5 గంటల 50 నిమిషాల ప్రాంతంలో. రోజులో అతి తక్కువ వేడి అర్ధరాత్రి ఉండదు, పొద్దు పొడిచే వేళకు ఉంటుంది, ఎందుకంటే నేల రాత్రంతా వేడిని ఆకాశానికి వదులుతూనే ఉంటుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కదలకుండా పడుకుంటుంది. ఆ గాలి పల్లానికి జారుతుంది కూడా. తెల్లవారుజామున మిట్ట దిగి చెరువు వెనక పల్లంలోకి జారుతుంటే ముందు కాలి వేళ్ళకు, తర్వాత మోకాళ్ళకు, ఆపైన ఛాతీకి చల్లదనం తగులుతుంది. ఎక్కడో ఒకచోట గీత గీసినట్టు వెచ్చటి గాలి అయిపోయి చల్లటి గాలి మొదలవుతుంది. మల్బరీ తోటకు రాత్రి నీళ్ళు పెట్టి ఉంటే ఆ తడి వాసన అందులోనే నిలిచి ఉంటుంది. మళ్ళీ మిట్ట ఎక్కితే అదే వరసలో ఛాతీ, మోకాళ్ళు, పాదాలు వెచ్చబడతాయి. కారు అద్దాల వెనక ఉన్నవాళ్ళకు ఇది దొరకదు. తొమ్మిది దాటాక నేల కాగి, గాలి కిందికీ మీదికీ కలగాపులగమై, ఈ పొరలు చెదిరిపోతాయి. తేమ తగ్గుతుంది, గాలి లేస్తుంది. సైకిలుకు తెల్లవారుజాము మంచిదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఈ సరిహద్దు అడవుల్లోకి వచ్చాయి. వాటి కోసం పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రాత్రి చేలల్లో మేసిన గుంపు అడవికి మళ్ళేది తెల్లవారుజామునే. సైకిలుకు శబ్దం లేదు. అడవి మలుపులో మనం వస్తున్నట్టు ఏనుగుకు తెలియదు, అది ఉన్నట్టు మనకు తెలియదు. అడవి అంచు దారుల్లో బాగా తెల్లారి, పాలవాళ్ళు తిరగడం మొదలయ్యాకే బండి తీయాలి. చల్లదనం కోసం అక్కడ తొందరపడకూడదు. ముందు ఊరివాళ్ళను అడగడం అన్నిటికంటే మంచి పద్ధతి. “నిన్న రాత్రి ఈ పక్క తిరిగినాయి నాయనా, పొద్దెక్కినాక పో” అని ఎవరో ఒక పెద్దాయన చెబుతాడు. ఆ మాటకు ఎదురుండకూడదు.

ఎండలో కూచునే తీరు గురించి ఒక మాట. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం నాలుగున్నరకు ఎండ పక్క నుంచి పడుతుంది. నిటారుగా ఉన్న ఒళ్ళు దానికి ఎక్కువగా దొరుకుతుంది. నడినెత్తి వేళ నిటారుగా ఉన్నవాడికి తల, భుజాలే ఎండకు దొరుకుతాయి. హ్యాండిలు మీదికి వంగిన రేసు సైకిలువాడు తన వీపంతా అప్పగిస్తాడు. మన పాత నల్ల సైకిలు మీద చక్కగా కూచునే తీరు ఎదురుగాలికి నష్టమే గానీ మధ్యాహ్నపు ఎండకు లాభం. వదులుగా ఉండే లేతరంగు నూలు చొక్కా, తల మీద తడిపిన తువ్వాలు. అంతకు మించిన సరంజామా ఈ ఎండకు అక్కర్లేదు.

సైకిలుకూ ఎండదెబ్బ ఉంటుంది. షాపు ముందు కుర్రాడు “ఎండకు పేలిందన్నా” అంటాడు. షాపాయన ట్యూబును నీళ్ళ తొట్టిలో తిప్పుతూ “ఎండకు కాదప్పా, ఎన్నేండ్ల ట్యూబు ఇది?” అంటాడు. షాపాయన మాటే నిజం. పొద్దున 25 డిగ్రీల్లో 45 పౌండ్లు కొట్టిన గాలి, మధ్యాహ్నం టైరు 55 డిగ్రీలకు కాగితే 51 పౌండ్ల దగ్గరకు చేరుతుంది. మంచి టైరు దానికి పేలదు. పక్కల్లో పగుళ్ళున్న టైరు ఉబ్బుతుంది, సరిగ్గా అంటని పాత ప్యాచీ వేడికి వదులవుతుంది. వాల్‌ ట్యూబు, అంటే వాల్‌కు తొడిగే ఆ చిటికెన వేలంత రబ్బరు ముక్క, ఎండలకు జిగురుగా మారి గాలిని సన్నగా వదులుతుంది. పంక్చరనుకుని చక్రం విప్పేముందు వాల్‌ నోటికి ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూడాలి.

అసలు పంక్చర్లు వేసే దొంగ వేరే ఉంది. దారి పక్క నేలకు అంటుకుని పాకే పల్లేరు. దాని కాయ ఎండితే అయిదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకు రెండు పొడవాటి ముళ్ళు, రెండు పొట్టివి. ముక్క ఎలా పడినా కనీసం ఒక ముల్లు ఆకాశం వైపు ఉండేట్టు వాటి అమరిక. జంతువుల గిట్టల్లో దిగి విత్తనం ఊరు దాటడానికి ప్రకృతి ఏర్పరచిన ఉపాయం అది. లారీకి దారివ్వడానికి తారు దిగి మట్టి అంచుకు పోయామంటే పల్లేరు విత్తనాలకు మనమే గిట్టలం. తిరిగి తారు ఎక్కగానే ఆగి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ టైరు మీద చూడండి. ముల్లు గుచ్చుకున్నా లోపలి దాకా దిగడానికి కొన్ని చుట్లు పడుతుంది. ఈలోపు గోటితో తీసేస్తే ట్యూబు దక్కుతుంది.

సెలవుల్లో పిల్లలు సైకిలు నేర్చుకునే దృశ్యం చూస్తే ఎండ మీద కోపం పోతుంది. ఎనిమిది తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ళు ఇంటికి వచ్చాక, వాటి మీద చెల్లెళ్ళు తమ్ముళ్ళు నేర్చుకుంటారు. సీటు అందని వాడు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతాడు. సైకిలు ఎందుకు పడిపోకుండా నిలుస్తుందన్నది ఇప్పటికీ తేలిక ప్రశ్న కాదు. చక్రాలు బొంగరాల్లా తిరగడం వల్లనే అని పుస్తకాల్లో చాలాకాలం ఉండేది. ఆ బొంగరపు ప్రభావాన్ని, ముందు ఫోర్కు వాలు వల్ల వచ్చే ప్రభావాన్ని రెంటినీ తీసేసినా తనంతట తాను నిలబడే సైకిలును తయారుచేసి డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2011లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఎటు ఒరిగితే అటే హ్యాండిలు తిరగడం అసలు కిటుకు. మోకాలు చెక్కుకుపోయిన ఏడేళ్ళ పిల్లవాడి ఒళ్ళు దాన్ని ఒక్క వేసవిలో నేర్చుకుంటుంది.

పెద్ద మిట్ట కావాలనుకునేవాళ్ళకు మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ ఉంది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ ఎండ తప్పించుకోవడానికి ఇల్లు కట్టుకున్న కొండ అది. పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు 1,265 మీటర్లు. కింద రోడ్డు నుంచి సుమారు 500 మీటర్ల ఎక్కుడు. పైకి పోయేసరికి గాలి మూడు నాలుగు డిగ్రీలు చల్లబడుతుంది. దిగేటప్పుడు జాగ్రత్త పడాల్సింది బ్రేకు గురించి. 83 కిలోలు 500 మీటర్లు దిగితే వదిలే శక్తి లీటరు నీళ్ళను మరిగించేంత. బ్రేకు పట్టి దిగితే అందులో పెద్ద భాగం రిమ్ములోకి పోతుంది, రిమ్ము నుంచి ట్యూబుకు. సగంలో ఆగి రిమ్ము దగ్గర చేయి పెట్టి సెగ చూసుకోండి. ఆగి చల్లబడనిచ్చి దిగాలి.

తాగే నీళ్ళ సంగతికొస్తే, ఉత్త నీళ్ళు చాలవన్నది ముఖ్యం. లీటరు చెమటలో సోడియం సగటున ఒక గ్రాము దాకా పోతుంది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. రెండు గంటలు తొక్కి ఉత్త నీళ్ళే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది. పలచటి మజ్జిగలో లీటరుకు అర చెంచా ఉప్పు వేస్తే దాదాపు అంతే. పొద్దున రాగి అంబలి తాగి బయల్దేరే పల్లె అలవాటులో నీరూ, ఉప్పూ, నెమ్మదిగా అరిగే పిండీ మూడూ ఉన్నాయి. ఇంకో సంగతి: ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మొదటి వారం అరగంటకు మించకుండా తొక్కినవాళ్ళే మే చివర్లో హాయిగా తిరుగుతారు. తోటివాడు తడబడి మాట్లాడుతున్నా, పొంతన లేకుండా ప్రవర్తిస్తున్నా అది అలసట అనుకోవద్దు, వడదెబ్బ అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, ఆపకుండా విసరండి, 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి పోయేలోపు చల్లబరచడమే ప్రాణం నిలుపుతుంది.

మే సాయంత్రాల గాలివాన సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉరుము వినపడిందంటే పిడుగు మన దాకా రాగలదని అర్థం. మిట్ట మీద ఒంటరిగా ఉండకండి, ఒంటి చింతచెట్టు కిందికి అసలే పోకండి. గోడలూ కప్పూ ఉన్న ఇంట్లోకి పోవాలి.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరు 1న తెరిచారు. పైన సౌరఫలకాల కప్పు, దాని నుంచి 16 మెగావాట్ల విద్యుత్తు, కింద నీడ. చూడముచ్చటైన పని. అలాంటి కప్పు పల్లెదారులకు వేయలేం, వేయనక్కర్లేదు కూడా. చదునులో, దిగుట్లో సైకిలు తన గాలి తాను తెచ్చుకుంటుంది. నీడ తప్పనిసరిగా కావలసింది ఎక్కే మిట్ట మీద, ఆ మూడు నాలుగు వందల మీటర్లలోనే. ఎండ ఒంటికి చేర్చే వేడి నూరు వాట్ల పైచిలుకు ఉంటుంది. మిట్ట మీద ఒంట్లో మిగిలే 470 వాట్లకు అది అదనం. చెట్టు ఆ అదనాన్ని తీసేస్తుంది.

చాలా చోట్ల రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత చింతచెట్లు పోయాయి. మళ్ళీ నాటేటప్పుడు పంచాయతీలు, బడులు, రోడ్డుపనుల వాళ్ళు మిట్టలను ముందు చూసుకోవాలని నా కోరిక. మనం రోడ్డుకు ఎడమ పక్కన పోతాం. ఉత్తరానికి ఎక్కే మిట్టకు ఎడమ పక్క పడమర అవుతుంది. అక్కడి చెట్టు నీడ మధ్యాహ్నం దాటాక ఎక్కేవాళ్ళ మీదే పడుతుంది. దక్షిణానికి ఎక్కే మిట్టకు ఎడమ పక్క తూర్పు, అక్కడి చెట్టు పొద్దుటి ఎండను ఆపుతుంది. తూర్పు పడమరలుగా సాగే మిట్టల మీద ఎండ రోడ్డు వెంబడే పడుతుంది కనక ఒక వరస చెట్లు సరిపోవు. కొమ్మలు పైన కలుసుకునే చింత, రావి, మర్రి రెండు పక్కలా కావాలి. వేసే ముందు ఆ ఊరి బడిపిల్లలను అడిగితే ఏ మిట్ట దగ్గర దిగి తోస్తారో వేలు పెట్టి చూపిస్తారు.